పసిపిల్లలకు ఏం తాగించాలి, ఎంత, ఎప్పటి నుంచి: పుట్టిన రోజు నుంచి ఐదేళ్ల దాకా

ఎండలు ముదిరాయి, మూడు నెలల పాపకు నీళ్లు పట్టవచ్చా? ఆవుపాలు ఎప్పుడు మొదలుపెట్టాలి? పండ్ల రసం బలమే కదా, ఎందుకు వద్దంటారు? బాబు పాలు బాగా తాగుతాడు, తిండి మాత్రం ముట్టడు, ఏం చేయాలి? పైకి ఇవి వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ, అన్నిటికీ ఒకే లెక్క వర్తిస్తుంది.

పసివాళ్ల కడుపు చిన్నది. అందులోకి వెళ్లే ప్రతి గుక్కా మరో గుక్కకో, మరో ముద్దకో చోటు లేకుండా చేస్తుంది. అందుకే ఏ పానీయమైనా చేతికి తీసుకునే ముందు "ఇది తాగితే బిడ్డ ఏది మానేస్తుంది?" అని అడగండి. అందులో ఏమేం ఉన్నాయన్నది ఆ తర్వాతి ప్రశ్న.

కింద చెప్పే కొలతలు ఆరోగ్యంగా, నెలలు నిండి పుట్టిన పిల్లలకు. నెలలు నిండకుండా పుట్టినవారికి, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, పాలు పడనివారికి వైద్యులు చెప్పిన కొలతే కొలత.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- మిల్లీలీటర్ల గుర్తులున్న కొలకప్పు. "ఒక గ్లాసు" అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో కొలత. కాబట్టి అందరూ మిల్లీలీటర్లలోనే మాట్లాడుకోవాలి.
- బిడ్డ చేతికి సరిపోయే, మూత లేని చిన్న కప్పు.
- మూత గట్టిగా పట్టే నీళ్ల పాత్ర. ముంచడానికి పొడవాటి కాడ ఉన్న గరిటె గానీ, కింద కుళాయి గానీ ఉండాలి. నీళ్లలో చెయ్యి పడకూడదు.
- కనీసం రెండు ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి ఇచ్చే ఉప్పు, చక్కెర పొడి) పొట్లాలు, గడువు తేదీ చూసి కొన్నవి. వాంతులు మొదలయ్యాక అర్ధరాత్రి వెతుక్కునే వస్తువు కాదిది.
- రెండు రోజులపాటు బిడ్డ నోట్లోకి వెళ్లిన ప్రతి ద్రవాన్నీ రాసుకున్న కాగితం: ఏది, ఎంత, ఎప్పుడు.

ఆ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ ఎక్కువ ఉపయోగపడేది అదే. అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి, అమ్మమ్మ ఒకసారి పాలు పడతారు. ముగ్గురి లెక్కా కలిపి చూస్తే గానీ రోజుకు లీటరు దాటుతోందని ఎవరికీ తెలియదు.

## 2. నీళ్ల సంగతి తేల్చుకోండి

ఏ వయసు బిడ్డకైనా, ఏ పొడి కలిపినా, చివరికి అన్నీ నీళ్ల మీదే ఆధారపడి ఉంటాయి. నీళ్లతో వచ్చే ముప్పు రెండు రకాలు: సూక్ష్మజీవులది ఒకటి, కరిగిపోయిన రసాయనాలది మరొకటి. కాచడం మొదటిదానికే పనికొస్తుంది.

సూక్ష్మజీవుల కోసం: నీళ్లు తెర్లి, బుడగలు ఆగకుండా పైకి వస్తున్నప్పుడు ఒక నిమిషం అలాగే మరగనివ్వండి. సముద్ర మట్టానికి 2,000 మీటర్లకు పైన ఉండేవారు మూడు నిమిషాలు మరిగించాలి, ఎందుకంటే అంత ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. మూత పెట్టి చల్లార్చి, కాచిన పాత్రలోనే గానీ, శుభ్రంగా కడిగిన మూత పాత్రలో గానీ ఉంచండి. కడగని పాత్రలోకి వంపితే దాని మురికి కూడా వచ్చి చేరుతుంది.

రసాయనాల కోసం: బావి, బోరు నీళ్లు వాడేవారు ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ముఖ్యంగా చూడవలసింది నైట్రేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. అది మించిన నీళ్లతో డబ్బాపాలు కలిపితే నెలల పిల్లల రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని కోల్పోతుంది, చర్మం నీలంగా మారుతుంది. ఇలాంటి నీళ్లను కాచడం మరీ ప్రమాదం. నీరు ఆవిరైపోతుంది, నైట్రేట్ మిగిలిపోయి మరింత చిక్కబడుతుంది.

ఫ్లోరైడ్‌కు హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఇది కూడా కాచితే పోదు. పాత గొట్టాలున్న ఇళ్లలో సీసం భయం ఉంటుంది. అక్కడ వేడినీళ్ల కుళాయి నుంచి తాగే నీళ్లు పట్టకండి. వేడి నీళ్లు సీసాన్ని ఎక్కువగా కరిగించుకుంటాయి.

## 3. మొదటి ఆరు నెలలు: పాలు తప్ప మరేమీ వద్దు

తల్లిపాలు, అవి కుదరకపోతే డబ్బాపాలు. జాబితా అంతటితో అయిపోయింది. నీళ్లు కూడా అందులో లేవు.

ఎండాకాలంలో కూడానా అంటే, అవును. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీరే. దాహం వేస్తే బిడ్డ తరచుగా పాలు తాగుతుంది, మీరు చేయవలసింది అడిగినప్పుడల్లా పట్టడమే. దాహం తీర్చుకోవలసింది తల్లి.

నీళ్లు పట్టడం వల్ల రెండు నష్టాలు. ఒకటి, 30 మిల్లీలీటర్ల నీళ్లు తాగిన కడుపు అంత మేరకు పాలు వదిలేస్తుంది. బిడ్డ తక్కువ తాగితే తల్లికి పాలు పడటమూ తగ్గుతుంది. రెండోది ఇంకా తీవ్రం. నెలల పిల్లల మూత్రపిండాలు ఎక్కువైన నీటిని త్వరగా బయటికి పంపలేవు. రక్తంలో సోడియం పలచబడి మత్తు, వాంతులు, చివరికి ఫిట్స్ కూడా రావచ్చు. పొదుపు కోసం డబ్బాపాలను పలచగా కలిపినా ఇదే ప్రమాదం.

ఈ వయసులో పెద్దలు ప్రేమతో ఇచ్చేవి కొన్ని ఉంటాయి. వారిని నొప్పించకుండా, గట్టిగా ఆపవలసినవి ఇవి:

- తేనె, తేనె కలిపిన నీళ్లు: ఏడాది నిండే దాకా వద్దు. తేనెలో బొటులిజం (కండరాలను చచ్చుబరిచే జబ్బు) కలిగించే సూక్ష్మజీవి విత్తులు ఉండవచ్చు. అవి పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వేడి నీళ్లలో కలిపినా, కాచినా అవి చావవు.
- చక్కెర నీళ్లు, కషాయాలు, మూలికల నీళ్లు: అనాసపువ్వు కషాయం తాగిన పసిపిల్లలకు ఫిట్స్ వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. దాన్ని పోలిన విషపు రకం కలిసిపోవడం అందుకు కారణం, చూపుతో రెండింటినీ వేరు చేయలేం.
- పళ్ల రసం: ఒక్క చెంచా కూడా వద్దు.

పాలు సరిపోతున్నాయా అన్న అనుమానం అందరికీ వస్తుంది. పాప ఏడ్చిందంటే పాలు చాలలేదని అనుకోనక్కర్లేదు. మొదటి వారం దాటాక రోజుకు ఆరు అంతకంటే ఎక్కువ సార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే సరిపోతున్నట్టే.

పనికి వెళ్లే తల్లులు పిండి దాచిన పాలకు లెక్క ఇది: 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలల దాకా. గది అంతకంటే వేడిగా ఉంటే నేరుగా ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ తలుపులో పెట్టకండి, తీసినప్పుడల్లా అక్కడే వేడి తగులుతుంది. గడ్డ కరిగించిన పాలను ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లో వాడేయాలి, మళ్లీ గడ్డ కట్టించకూడదు. బిడ్డ నోరు పెట్టి వదిలిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. ఎంతో కష్టపడి పిండిన పాలు పారబోయడం బాధగానే ఉంటుంది. అందుకే ఒక్కో పాత్రలో 60 మిల్లీలీటర్లకు మించకుండా నింపి పెట్టుకోండి.

## 4. డబ్బాపాలు కలిపే వరుస

పాలపొడి డబ్బా మూత తీయకముందు కూడా పూర్తిగా సూక్ష్మజీవి రహితం కాదు. సాల్మొనెల్లా, క్రోనోబాక్టర్ వంటివి పొడిలో ఉండగలవు. వాటిని చంపేది 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పద్ధతికి మూలం ఈ ఒక్క విషయమే. వరుస తప్పితే ఫలితం ఉండదు.

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసా, పాలపీక విడదీసి బ్రష్షుతో తోమి, పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి 5 నుంచి 10 నిమిషాలు మరిగించండి.
2. ఒక లీటరు తాజా నీళ్లు మరిగించండి. పొయ్యి కట్టేశాక 30 నిమిషాల లోపే వాడండి. అరలీటరు, పావులీటరు కాచినవారికి అంత సమయం ఉండదు, తక్కువ నీళ్లు త్వరగా చల్లారతాయి.
3. ముందు నీళ్లు పోయండి, తర్వాత పొడి వేయండి. పొడి ముందు వేస్తే గుర్తు దాకా పోసే నీళ్లు తగ్గి పాలు చిక్కబడతాయి.
4. ఆ డబ్బాలో వచ్చిన చెంచాతోనే, అంచు దగ్గర కత్తితో చదును చేసి కొలవండి. ఒక కంపెనీ చెంచా మరో కంపెనీ పొడికి పనికిరాదు. కూరి నింపకండి.
5. మూత పెట్టి కలిపి, కుళాయి నీళ్ల కింద గానీ చల్లటి నీళ్ల గిన్నెలో గానీ సీసాను చల్లార్చండి. చల్లార్చే నీళ్లు సీసా మూత కిందికే ఉండాలి.
6. మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసి చూడండి. గోరువెచ్చగా తగలాలి.
7. కలిపిన రెండు గంటల్లో పట్టేయండి. బిడ్డ తాగగా మిగిలినవి దాచకండి.

మైక్రోవేవ్‌లో వేడి చేయకండి. సీసా చల్లగా తగులుతుంది, మధ్యలో పాలు మాత్రం నోరు కాలేంత వేడిగా ఉంటాయి.

రెండు నెలల లోపు పిల్లలు, నెలలు నిండని పిల్లలు, రోగనిరోధక శక్తి తక్కువున్న పిల్లల విషయంలో, దొరికితే నేరుగా తాగించే ద్రవరూప డబ్బాపాలు మేలు. అవి సూక్ష్మజీవులు లేకుండా ప్యాక్ చేసినవి.

ఎంత పట్టాలి? ఆరు నెలల లోపు సుమారుగా కిలో బరువుకు రోజుకు 150 మిల్లీలీటర్లు. అయిదు కిలోల పాపకు రోజంతటికీ 750. ఇది అంచనా మాత్రమే. పాప తల తిప్పేసుకుంటే సీసాలో 20 మిల్లీలీటర్లు మిగిలాయని బలవంతపెట్టకండి.

## 5. ఆరు నుంచి పన్నెండు నెలలు: గుక్కెడు నీళ్లు, కప్పు అలవాటు

ఘనాహారం మొదలైన రోజే నీళ్లూ మొదలుపెట్టవచ్చు. రోజు మొత్తానికి 120 నుంచి 240 మిల్లీలీటర్లు చాలు, అదీ తిండితోపాటు గుక్కలు గుక్కలుగా. పాలకు ముందు నీళ్లు పట్టకండి. ఈ నెలల్లో కూడా ప్రధాన పానీయం తల్లిపాలు లేదా డబ్బాపాలే.

ఇక్కడ నీళ్ల ఉద్దేశం దాహం తీర్చడం కంటే కప్పుతో తాగడం నేర్పడం. పద్ధతి ఇలా:

1. కప్పులో రెండు చెంచాల నీళ్లే పోయండి. ఒలికినా నష్టం లేదు.
2. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, కప్పు అంచు కింది పెదవికి ఆనించండి.
3. నీళ్లు పెదవికి తగిలేంత మాత్రమే వంచి ఆగండి. నోట్లోకి పోయకండి, పాపే లాక్కోవాలి.
4. దగ్గితే కప్పు దించండి. తర్వాతి పూట మళ్లీ ప్రయత్నించండి.

మొదట్లో చాలా భాగం గౌను మీదికే పోతుంది. నీళ్లు ఒలకని మూత కప్పులు తల్లిదండ్రులకు సుఖం. కానీ వాటిని సీసాలాగే చప్పరించాలి కాబట్టి తాగే నైపుణ్యం రాదు.

ఆవుపాలు, గేదెపాలు ఈ వయసులో? అమెరికా, బ్రిటన్ వైద్య సంస్థలు ఏడాది నిండే దాకా వాటిని ప్రధాన పానీయంగా ఇవ్వవద్దంటాయి. వాటిలో ఇనుము చాలా తక్కువ, మాంసకృత్తులు, లవణాలు పసి మూత్రపిండాలకు ఎక్కువ. కొందరిలో పేగుల నుంచి కంటికి కనిపించనంత రక్తం కూడా పోతుంది. తల్లిపాలు అందని 6 నుంచి 11 నెలల పిల్లలకు డబ్బాపాలు గానీ జంతువుల పాలు గానీ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. డబ్బాపాలు శుభ్రంగా కలిపే వీలున్న ఇంట్లో ఏడాది దాకా వాటినే కొనసాగించడం మంచిదని నా అభిప్రాయం. వీలు లేకపోతే, మరిగించిన జంతువుల పాలతోపాటు ఇనుము దండిగా ఉన్న ఆహారం తప్పనిసరి. వంటలో పాలు, పెరుగు వాడటానికి ఆరు నెలల తర్వాత అభ్యంతరం లేదు.

## 6. ఏడాది నుంచి రెండేళ్లు: పాలు ఎక్కువైతే వచ్చే చిక్కు

పుట్టినరోజు దాటగానే మూడు మార్పులు జరగాలి. తిండి ముందుకు రావాలి, పాలు వెనక్కి వెళ్లాలి, సీసా మెల్లగా కనుమరుగవాలి. తల్లిపాలు మాత్రం రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వవచ్చు.

రోజు కొలతలు:

- వెన్న తీయని పాలు: 480 నుంచి 720 మిల్లీలీటర్లు. తల్లిపాలు తాగుతున్నవారికి అంతకంటే తక్కువ చాలు.
- నీళ్లు: 240 నుంచి 960 మిల్లీలీటర్లు. ఎండను, ఆటను బట్టి.
- మిగతావన్నీ: సున్నా అయినా లోటు లేదు.

రెండేళ్ల లోపు వెన్న తీసిన పాలు వద్దు. ఎదిగే మెదడుకు ఆ కొవ్వు కావాలి.

ఇక అసలు చిక్కు. "మా బాబు పాలు తప్ప ఏమీ తీసుకోడు" అనే ఇళ్లలో లెక్క ఒకసారి వేసి చూడండి. లీటరు వెన్న తీయని పాలలో 600కు పైగా కేలరీలు ఉంటాయి. ఏడాది దాటిన పిల్లలకు రోజంతటికీ కావలసింది సుమారు 900 నుంచి 1,000. అంటే మూడింట రెండు వంతుల ఆకలి పాలతోనే తీరిపోయింది. ఇక ముద్ద ఎందుకు ముడతాడు? తిండి తినడం లేదని జాలిపడి మరో 200 మిల్లీలీటర్లు పడతారు, ఆకలి ఇంకా చస్తుంది.

పాలలో ఇనుము దాదాపు లేదు. పైగా పాలలోని కాల్షియం, మాంసకృత్తులు ఇతర ఆహారంలోని ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వవు. ఫలితం రక్తహీనత. పిల్లాడు చూడటానికి బొద్దుగానే ఉంటాడు, పాలిపోయి, చిరాకుగా, త్వరగా అలిసిపోతూ ఉంటాడు. మట్టి, సుద్ద తినడం కూడా దీని గుర్తు కావచ్చు. అనుమానం ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

తగ్గించే వరుస:

1. మూడు రోజులు కొలిచి, ఇప్పుడు ఎంత తాగుతున్నాడో రాయండి.
2. ముందు రాత్రి నిద్ర మధ్యలో ఇచ్చే పాలను ఆపండి. ఒక్కో సీసాలో రోజుకు 30 మిల్లీలీటర్లు తగ్గిస్తూ వెళ్లండి. పాలలో నీళ్లు కలపడం కొందరికి పనిచేస్తుంది. ఏడాది దాటిన పిల్లలకే ఈ ఉపాయం, డబ్బాపాలకు ఎప్పుడూ వద్దు.
3. పగటి పాలను తిండికి ముందు కాకుండా తర్వాతకు మార్చండి. భోజనానికి గంటన్నర ముందు నీళ్లు తప్ప ఏమీ వద్దు.
4. సీసా నుంచి కప్పుకు మార్చండి. ఈ ఒక్క మార్పుతోనే చాలామందిలో పాలు తగ్గుతాయి.
5. ఇనుమున్న ఆహారంతోపాటు విటమిన్ సి ఉన్న పండు ముక్కలు పెట్టండి.

మొదటి రెండు మూడు రోజులు ఏడుపు తప్పదు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటే అది తగ్గుతుంది. ఒక్కరు చాటుగా సీసా ఇస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

"ఎదిగే పిల్లల పాలు" అని అమ్మే ప్రత్యేక పొడులు ఏడాది దాటిన ఆరోగ్యవంతులైన పిల్లలకు అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వాటిని సిఫారసు చేయడం లేదు.

## 7. రెండు నుంచి ఐదేళ్లు

ఇది సులభం. రెండు, మూడేళ్ల వయసులో పాలు రోజుకు 480 మిల్లీలీటర్ల లోపు, నాలుగు, ఐదేళ్లకు 600 లోపు. బాగా తింటూ, వయసుకు తగ్గ బరువుంటే కొవ్వు తగ్గించిన పాలకు మారవచ్చు. నీళ్లు ఎప్పుడూ బిడ్డ చేతికి అందే ఎత్తులో ఉండాలి. ఆటలో మునిగిపోయిన పిల్లలు దాహమని చెప్పరు. బయటి నుంచి రాగానే, తిండితో, పడుకునే ముందు అని వేళలు పెట్టుకుంటే చాలు.

## 8. మొక్కల పాలు

సోయా, బాదం, ఓట్స్, బియ్యం పానీయాలను పాల పక్కనే పెట్టి అమ్ముతారు. పోషకాల్లో పాలకు దగ్గరగా వచ్చేది కాల్షియం, విటమిన్లు చేర్చిన, చక్కెర లేని సోయా పానీయం ఒక్కటే. బాదం, బియ్యం పానీయాల్లో మాంసకృత్తులు చాలా తక్కువ. పాలు పడవని వాటినే ప్రధాన ఆహారంగా ఇవ్వడం వల్ల పిల్లలు తీవ్ర పోషకాహార లోపానికి గురైన ఉదంతాలు ఉన్నాయి.

ఏడాది లోపు ఇవేవీ వద్దు. బియ్యం పానీయం ఐదేళ్ల లోపు వద్దని బ్రిటన్ ఆరోగ్య సేవలు చెబుతాయి, బియ్యంలో ఉండే ఆర్సెనిక్ అనే విష పదార్థం భయం వల్ల. పాలు నిజంగా పడవా అన్నది వైద్యులు తేల్చాకే ప్రత్యామ్నాయం వెతకండి. మేకపాలు అంతకంటే తేలిక అనుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఆవుపాలు పడని పిల్లలకు చాలావరకు మేకపాలూ పడవు. వాటిలో ఫోలేట్ అనే విటమిన్ కూడా తక్కువ.

## 9. పండ్ల రసాలు, తీపి పానీయాలు: లేబుల్ చదివే పద్ధతి

ఇంట్లో పిండినా, డబ్బాలో కొన్నా, రసం అంటే పీచు తీసేసిన చక్కెర నీళ్లే. కాస్త విటమిన్లు ఉంటాయి, అంతే. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2017లో పెట్టిన హద్దులు ఇవి: ఏడాది లోపు అసలు వద్దు, ఒకటి నుంచి మూడేళ్లకు రోజుకు 120 మిల్లీలీటర్ల లోపు, నాలుగు నుంచి ఆరేళ్లకు 120 నుంచి 180. ఇవి గరిష్ఠ పరిమితులు, అంత తాగాలని కాదు. ఇవ్వదలిస్తే భోజనంతో, కప్పులో, ఒకేసారి ఇవ్వండి. పండే తినగలిగిన బిడ్డకు రసంతో పనిలేదు.

కొనే ముందు డబ్బా తిప్పి చూడవలసినవి:

- మొత్తం చక్కెర ఎన్ని గ్రాములు? నాలుగు గ్రాములు అంటే సుమారు ఒక చిన్న చెంచా. వంద మిల్లీలీటర్లకు పది గ్రాములున్న 200 మిల్లీలీటర్ల డబ్బాలో అయిదు చెంచాలు ఉన్నట్టు.
- ఆ అంకె దేనికి? డబ్బా మొత్తానికా, వంద మిల్లీలీటర్లకా? చాలామంది మోసపోయేది ఇక్కడే.
- చక్కెర మారుపేర్లు: గ్లూకోజ్ సిరప్, ఫ్రక్టోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్, పండ్ల గాఢరసం, తేనె.
- "చక్కెర కలపలేదు" అన్న చోట కృత్రిమ తీపి పదార్థాలు ఉన్నాయా? రెండేళ్ల లోపు పిల్లలకు అవీ వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.
- ముందువైపు పండు బొమ్మ కాదు, వెనకవైపు పండ్ల రసం శాతం చూడండి.

## 10. ఐదేళ్ల దాకా ఇంట్లోకి రానివ్వకూడనివి

- టీ, కాఫీ, కోలాలు, ఎనర్జీ డ్రింకులు. కెఫీన్ నిద్ర పాడుచేస్తుంది. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు, పాలు ఎక్కువ పోసి ఇచ్చినా అంతే.
- కాచని, పాశ్చరైజ్ చేయని పాలు. బ్రూసెల్లా, ఈ.కోలై వంటి సూక్ష్మజీవులు వీటి ద్వారా రావచ్చు.
- తీయటి కండెన్స్‌డ్ మిల్క్, రంగు, రుచి చేర్చిన పాలు.
- గ్లిజరాల్ (ఐసు గట్టిగా గడ్డ కట్టకుండా కలిపే పదార్థం) చేర్చిన, స్లష్ పేరుతో అమ్మే మెత్తటి ఐసు పానీయాలు. ఇవి తాగిన చిన్న పిల్లల్లో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పిన సందర్భాలు ఉన్నాయి. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2025లో ఏడేళ్ల లోపు పిల్లలకు ఇవి ఇవ్వవద్దని చెప్పింది.
- క్రీడాకారుల కోసం అమ్మే ఉప్పు, చక్కెర పానీయాలు.

పెద్దలు తాగే వేడి కప్పు కూడా ఈ జాబితాలోకే వస్తుంది. పాపను ఒళ్లో పెట్టుకుని వేడి టీ తాగకండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలలోని చక్కెర ముందు పళ్ల చుట్టూ రాత్రంతా నిలుస్తుంది, పళ్లు పుచ్చిపోతాయి. వరుస మార్చండి: పాలు, పళ్లు తోమడం, కథ, నిద్ర. సీసా మానరని భయపడేవారు వారం పాటు సీసాలో నీళ్లు మాత్రమే పోసి ఇవ్వండి. త్వరలోనే విసుగు పుడుతుంది. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల మధ్య సీసా పూర్తిగా మానిపించడం తేలిక. రెండేళ్లు దాటితే పట్టుదల పెరుగుతుంది.

నీళ్లు తాగనని మొండికేయడం. రసం అలవాటైన పిల్లలకు నీళ్లు చప్పగా ఉంటాయి. ఒక్కసారిగా ఆపలేకపోతే, రసంలో నీళ్ల వంతు వారానికోసారి పెంచుతూ నాలుగైదు వారాల్లో ఉత్త నీళ్లకు తీసుకురండి. మీరూ ఎదురుగా అదే తాగండి. అమ్మానాన్నల చేతిలో రంగు సీసా ఉండగా పిల్లల చేతికి నీళ్లిస్తే ఎవరూ ఒప్పుకోరు.

రోజంతా కప్పు చేతిలో ఉండటం. నీళ్లయితే ఫరవాలేదు. పాలైనా రసమైనా గుక్క గుక్కకూ పళ్ల మీద ఆమ్లం తయారవుతుంది, ఆకలీ చచ్చిపోతుంది. కూర్చుని తాగడం, తాగాక కప్పు తీసేయడం అలవాటు చేయండి.

సీసాలో పిండి, గంజి చిక్కగా కలపడం. రాత్రి నిద్రపడుతుందని చేస్తారు. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, అవసరానికి మించి కేలరీలూ వెళతాయి. చిక్కటిది ఏదైనా చెంచాతోనే పెట్టండి.

## 12. విరేచనాలు, వాంతులు, జ్వరం వచ్చినప్పుడు

బిడ్డకు ఒంట్లో బాగాలేని రోజుల్లో పై లెక్కలు కొంత పక్కకు జరుగుతాయి. తల్లిపాలు, డబ్బాపాలు ఆపకండి, తరచుగా ఇవ్వండి. వాటితోపాటు ఓఆర్‌ఎస్.

1. పొట్లం మీద రాసిన నీళ్ల కొలత చదవండి. కొన్ని లీటరుకు, కొన్ని 200 మిల్లీలీటర్లకు. కొలత తప్పితే మందే హాని చేస్తుంది.
2. కాచి చల్లార్చిన నీళ్లలో పొట్లం మొత్తం ఒకేసారి కలపండి. చక్కెర, రసం చేర్చకండి.
3. పల్చటి విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పైబడినవారికి 100 నుంచి 200, చెంచాతో లేదా కప్పుతో.
4. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మొదలుపెట్టండి.
5. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.

జింక్ గురించి వైద్యులను అడగండి. విరేచనాలకు 10 నుంచి 14 రోజులు ఇస్తారు. ఓఆర్‌ఎస్ లాంటి రంగు డబ్బాలో, అలాంటి పేరుతో దొరికే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. చక్కెర ఎక్కువున్న ద్రవం పేగుల్లోకి ఇంకా నీరు లాగి విరేచనాలను పెంచుతుంది.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లండి:

- ఆరు గంటలుగా మూత్రం లేదు, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు
- కళ్లు, మాడు లోపలికి పోయాయి, నోరు ఎండింది
- మత్తుగా ఉంది, లేపినా సరిగా చూడటం లేదు
- తాగినదంతా వాంతి అవుతోంది, లేదా ఏదీ తాగడం లేదు
- మలంలో రక్తం, ఆకుపచ్చ వాంతి
- మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం

బిడ్డ మెలకువగా ఉండి మింగగలుగుతుంటే, కలిపిన ఓఆర్‌ఎస్ గిన్నె, చెంచా వెంట తీసుకెళ్లండి. దారిలోనూ, అక్కడ వంతు కోసం ఎదురుచూసేటప్పుడూ పట్టిస్తూనే ఉండండి.